నెలలు నిండని బిడ్డ - నిండు ధర్మము

గృహస్థధర్మమును విధించిన మహర్షులు శిశువునకు సంస్కారములను పుట్టుకతో ఆరంభింపలేదు. గర్భాధానము, పుంసవనము, సీమంతోన్నయనము అను మూడును జాతకర్మకు ముందే చెప్పబడినవి. కంటికి ఇంకను కనబడని ప్రాణికొరకు మంత్రములు పఠించి, దేవతలను ప్రార్థించి, తల్లికి శుభము పలుకుట ఈ సంస్కారముల తాత్పర్యము. అనగా శిశువు నేలమీద పడిన నాటినుండి కాక, గర్భస్థుడైన నాటినుండియే ఆ ఇంటివాడు. అతని యెడల పెద్దలకు గల బాధ్యతయు నాటినుండియే ఆరంభమగుచున్నది.

అట్టి శిశువు నెలలు నిండకయే లోకమునకు వచ్చినచో ఆ బాధ్యత ఏ రూపము తాల్చవలెను? గుప్పెడంత దేహమును, ఇంకను రూపుదిద్దుకొనుచున్న మెదడును చూచి లోకము మూడు విధములుగా పలుకుచున్నది. "పూర్వకర్మ ఫలము, మనము చేయగలదేమున్నది?" అనువారు కొందరు. "తల్లి చేసిన తప్పు" అని వ్రేలు చూపువారు మరికొందరు. "బ్రదికినను ఏమి ప్రయోజనము? తెలివి చాలని బిడ్డయగును" అని నిట్టూర్చువారు ఇంకకొందరు. ఈ మూడు మాటలలో ఏదైనను ధర్మమునకు సరిపోవునా అని విచారించుట అవసరము.

ఇది ఏ కొలది ఇండ్లకో చెందిన విషయము కాదు. స్త్రీ చివరిసారి బహిష్టు అయిన దినము మొదలు లెక్కించినచో సుమారు 40 వారములకు ప్రసవము సహజము. 37 వారములు నిండకముందు పుట్టినవారిని నెలలు నిండని శిశువులందురు. వారిలో 32 వారములకు లోపల పుట్టినవారు మిక్కిలి ముందుగా వచ్చినవారు. 28 వారములకు లోపల పుట్టినవారు అందరికంటె దుర్బలులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మున్నగు సంస్థల లెక్క ననుసరించి 2020లో లోకమున 1 కోటి 34 లక్షల శిశువులు నెలలు నిండక పుట్టిరి; అనగా పదిమందిలో ఒకరు. అందు 30 లక్షల పైచిలుకు భారతదేశముననే పుట్టిరి.

పరీక్షిత్తు పుట్టుక

భాగవతమును విన్న ప్రతి వైష్ణవునకును పరీక్షిన్మహారాజు సుపరిచితుడు. అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రమునుండి గర్భమందే శ్రీహరిచే రక్షింపబడినవాడని అందరు నెరుగుదురు. మహాభారతము ఆదిపర్వమున పూరువంశక్రమమును చెప్పు గద్యభాగమున మరియొక విశేషము కలదు. ఉత్తర కన్న శిశువు ఆరు నెలల వాడనియు, ప్రాణము లేక పుట్టెననియు, పురుషోత్తముని ఆజ్ఞచే కుంతీదేవి ఆ బిడ్డను తన ఒడిలోనికి తీసికొనెననియు, అకాలమున పుట్టి, అస్త్రాగ్నిచే తపించి, బలతేజములు లేని ఆ శిశువును స్వామి బ్రదికించెననియు అచ్చట చెప్పబడినది. వంశము పరిక్షీణమైన వేళ పుట్టినవాడు గనుక స్వామియే అతనికి పరీక్షిత్తని పేరుపెట్టెను.

ఇదే కథను ఆశ్వమేధికపర్వము విస్తరముగా చెప్పుచు, పురిటింటి వర్ణనకు కొంత చోటిచ్చినది. తెల్లని పూలమాలలు, నాలుగు వైపుల నిండు నీటి కుండలు, నేయి, ఆవాలు, ప్రజ్వలించు అగ్ని, పరిచర్యకు అనువైన వృద్ధస్త్రీలు, నేర్పరులైన వైద్యులు అచ్చట సిద్ధముగా నుండిరి. ఆ ఏర్పాటును చూచి శ్రీకృష్ణుడు సంతోషించి మెచ్చుకొనెను. అటుపిమ్మటనే తన సత్యమును, ధర్మమును పణముగా పెట్టి ఆ బిడ్డను బ్రదికించెను.

ఈ క్రమమును గమనింపవలెను. సంకల్పమాత్రమున సర్వమును చేయగల భగవానుడు పురిటింటిలోని అగ్నిని, నీటిని, వైద్యుని చూచి "నేనుండగా ఇవి ఏల?" అనలేదు. మేలు చేసితిరని మెచ్చెను. మానవప్రయత్నము భగవత్కృపకు అడ్డుగాదు. అది కృప వచ్చి నిలుచుటకు వేసిన పీట. దైవము, పురుషకారము రెండును కూడిననే కార్యము సిద్ధించునని యాజ్ఞవల్క్యస్మృతి నిర్ణయము. కావున "కర్మమే" అని చేతులు ముడుచుకొనుట భక్తి కాదు, బద్ధకము.

లోపల జరుగు నిర్మాణము

నెలలు నిండని శిశువునకు కలుగు ముప్పు ఏమో తెలియనిదే కర్తవ్యము తెలియదు. గర్భవాసమున చివరి మూడు నెలలు మెదడు నిర్మాణమునకు ముఖ్యకాలము. 24వ వారమున శిశువు మెదడు పైభాగము దాదాపు నునుపుగా నుండును. పిమ్మట అది వేగముగా పెరుగుచు, మడతలు పడుచు, నిండు నెలలనాటికి గట్లును గాడులును గలదై పెద్దవారి మెదడు పోలిక పొందును. 34వ వారమున సహితము దాని బరువు నిండు నెలల నాటి బరువులో సుమారు మూడింట రెండు వంతులే.

ఈ కాలముననే నాడీకణములు ఒకదానితో నొకటి సంబంధము కల్పించుకొనును. నాడీతంతువులకు క్రొవ్వుతో కూడిన తొడుగు వేయవలసిన కణములు ఈ కాలముననే ఎదుగుచుండును. లేతదశలో నున్న ఆ కణములు ప్రాణవాయువు తగ్గినను, రక్తపుపోటు పడిపోయినను, సూక్ష్మజీవుల వలన ఒంటిలో వాపు కలిగినను సులభముగా దెబ్బతినును. తొడుగు సరిగా పడని తంతువులలో వార్త మెల్లగా నడచును; అందువలన నడకయు, చేతిపనియు, అవధానమును ఆలస్యము కావచ్చును. మెదడు లోపలి గదుల అంచున నుండు సన్నని రక్తనాళములు మరియొక అపాయస్థానము. అవి చిట్లుట పుట్టిన మొదటి మూడు దినములలో ఎక్కువ. వైద్యులు మాడుమీదనుండి అల్ట్రాసౌండ్ స్కానింగు చేసి దానిని నాలుగు తరగతులుగా గుర్తింతురు. మొదటి రెండు తరగతులలో చాలమంది పిల్లలు బాగుగనే ఎదుగుదురు. మూడు, నాలుగు తరగతులలో ముప్పు అధికము.

దేవాలయమున మూలమూర్తి కొలువుండు చోటికి గర్భగృహమని పేరు. అచ్చట వెలుతురు మితము, శబ్దము మితము, ప్రవేశము మితము. తల్లి గర్భమును అట్టిదే. అచ్చట ఉండవలసిన శిశువు ఆసుపత్రిలో కన్నుచెదరు దీపముల నడుమ, యంత్రముల మ్రోతల నడుమ, క్షణక్షణము సూదిపోటుల నడుమ వారములు గడుపవలసి వచ్చుచున్నది. అందుచేతనే తెలిసిన వైద్యశాలలలో ఇప్పుడు దీపములు తగ్గించుచున్నారు, మెల్లగా మాటలాడుచున్నారు, నిద్రించు శిశువును ఊరక కదపకున్నారు. సుమారు 25వ వారమునాటికి శిశువునకు వినుశక్తి ఏర్పడుచుండును. ప్రహ్లాదుడు తల్లికడుపున నుండియే నారదుని ఉపదేశము వినెనన్న కథ తెలిసినవారికి, అద్దపుపెట్టెలోని బిడ్డకు తల్లి స్వరము వినిపించుట ఎంతటి సేవయో వేరుగా చెప్పనక్కరలేదు.

ఎదిగిన పిమ్మట ఏమగుచున్నది? దీనికి దాపరికము లేని సమాధానము అవసరము. బ్రిటన్, ఐర్లండు దేశములలో 1995లో పది నెలల కాలమున 26 వారములు నిండక పుట్టిన పిల్లలను వైద్యులు ఏండ్ల తరబడి పరిశీలించిరి. ఆరేండ్ల వయస్సున పరీక్షింపబడిన 241 మందిలో నూటికి 22 మందికి తీవ్రమైన వైకల్యము, 24 మందికి మధ్యమమైన వైకల్యము, 34 మందికి స్వల్పమైన లోపము కనబడెను. 20 మందికి ఏ లోపమును లేదు. ఇది అందరికంటె దుర్బలులైనవారి లెక్క. 32 వారముల లోపల పుట్టినవారి నందరిని కలిపి చూచినచో, సంపన్నదేశములందు నూటికి అయిదు మొదలు పదిమందికి సెరిబ్రల్ పాల్సీ అను అవయవ స్వాధీనలోపము కలుగుచున్నది. బుద్ధిపరీక్షలలో వీరి సగటు, తోటివారి సగటుకంటె 10 మొదలు 13 అంకెలు తక్కువగా తేలుచున్నది. లెక్కలలో వెనుకబాటు, అవధానము నిలువకపోవుట, బెరుకు కొందరియందు కనబడుచుండును. అయినను వీరిలో పెక్కుమంది నడిచి, చదివి, పనిచేసి, తమ కాళ్ళమీద తాము నిలుచుచున్నారు.

తల్లిపై నింద తగునా?

నెలలు నిండని శిశువు కథ పురాణములలో మరియొకటి కలదు. కశ్యపుని భార్య వినత, సవతియైన కద్రువకు పిల్లలు ముందుగా కలుగుట చూచి తాళలేక, అయిదువందల ఏండ్లు గడచిన పిమ్మట తన రెండు అండములలో ఒకదానిని పగులగొట్టెను. పై సగము నిండి, క్రింది సగము ఏర్పడని అనూరుడు అందుండి పుట్టి తల్లిని శపించెను. ఆతడే అరుణుడు.

ఈ కథను చేతబట్టుకొని, నెలలు నిండక కన్న ప్రతి స్త్రీని వినతగా చూచుట గొప్ప అన్యాయము. వినత తన చేతితో అండమును పగులగొట్టెను. ఈ తల్లులు ఏమి పగులగొట్టిరి? కవలలు కలుగుట, రక్తపుపోటు పెరిగి గుర్రపువాతము వచ్చుట, గర్భాశయమునకు సూక్ష్మజీవులు సోకుట, గర్భద్వారము ముందే కుదించుకుపోవుట, ఉమ్మనీరు ముందే పోవుట ఇందుకు వైద్యులు చెప్పు కారణములు. పెక్కు సందర్భములలో ఏ కారణమును తేలదు. గ్రహణమును చూచుటయు, గుమ్మమున కూర్చుండుటయు ఈ పట్టికలో లేవు.

మార్చదగిన కారణములు కొన్ని కలవు. వయస్సు రాకముందే పెండ్లి చేయుట, కాన్పునకు కాన్పునకు ఎడము లేకుండుట, గర్భిణికి చాలినంత తిండియు విశ్రాంతియు లేకుండుట, రక్తహీనతను పట్టించుకొనకుండుట, ఇంటిలో పొగాకు పొగ నిండుట అట్టివి. వీనిలో ఎన్ని ఆ స్త్రీ చేతిలో నున్నవి? ఎన్ని అత్తమామల చేతిలో, భర్త చేతిలో, కన్నవారి చేతిలో నున్నవి? వేలు చూపదలచినవారు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

కర్మసిద్ధాంతము నిజము కాదని ఇందుకు అర్థము కాదు. ఆ సిద్ధాంతము మనుష్యుడు తన నడతను తాను దిద్దుకొనుటకు చెప్పబడినది. ఎదుటివాని దుఃఖముమీద తీర్పు చెప్పుటకు కాదు. ఆ బిడ్డ ఆ ఇంట అట్లు పుట్టుట కర్మమైనచో, ఆ బిడ్డకు సేవచేయు అవకాశము ఆ ఇంటివారికి లభించుటయు కర్మమే. మొదటి సగమును మాత్రము చెప్పి రెండవ సగమును దాచువాడు శాస్త్రమును సగమే చదివినవాడు.

ప్రయత్నము చేసిన పని

ప్రయత్నము వలన ఫలమేమని సందేహించువారికి అరువదియేండ్ల చరిత్రయే సమాధానము. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అయిదారు వారములు ముందుగా ఒక కుమారుడు పుట్టెను. బిడ్డ బరువు సుమారు 2 కిలోల 100 గ్రాములు. ఊపిరితిత్తులు విచ్చుకొనలేదు. ప్రపంచమున మిక్కిలి బలవంతుడైన పాలకుని బిడ్డయైనను 39 గంటలకు మించి బ్రదుకలేదు. నేడు ఆ బరువుగల బిడ్డ మంచి ఆసుపత్రిలో సాధారణముగా బ్రదుకును.

ఈ భేదము ఒక్కనాట రాలేదు. న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమందు లిగిన్స్ అను వైద్యుడు గొఱ్ఱెలపై పరిశోధించుచు, తల్లికి స్టెరాయిడు మందిచ్చినచో ముందుగా పుట్టిన పిల్ల ఊపిరి పీల్చగలుగుట గమనించెను. ఆయనయు హౌయి అను వైద్యుడును 1972లో స్త్రీలయందు దాని ఫలమును ప్రకటించిరి. ముందుగా కాన్పు అగునను సూచన కనబడినంతనే, తగిన వసతిగల ఆసుపత్రిలో తల్లికిచ్చు ఆ సూదిమందు శిశువు ఊపిరితిత్తులను సిద్ధపరచుటయే కాక మెదడులో రక్తస్రావమును తగ్గించుచున్నది. మెగ్నీషియం సల్ఫేట్ మెదడునకు కొంత రక్షణ నిచ్చుచున్నది. కాఫీలోని సారమైన కెఫీన్‌ను వైద్యులు లెక్కప్రకారము మందుగా ఇచ్చినచో శిశువు ఊపిరి మరచుట తగ్గుటయే కాక, సెరిబ్రల్ పాల్సీ సహితము తగ్గునని 2007లో ప్రకటింపబడిన పరీక్షలో తేలినది. మందు ఇచ్చినవారిలో నూటికి 4.4, ఇవ్వనివారిలో 7.3 మందికి ఆ లోపము కలిగెను. ఇది వైద్యుని చేతిలో మందు. ఇంటిలో కాఫీ పోయవచ్చునని తలచుట అపాయకరము.

అన్నింటికంటె గొప్పది, ఖర్చులేనిది తల్లి రొమ్ము వెచ్చదనము. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో, చాలినన్ని ఇన్‌క్యుబేటరులు లేక, ఎడ్గార్ రే అను వైద్యుడు శిశువును తల్లి రొమ్మునకు చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని ఆరంభించెను. దానినే కంగారూ పద్ధతి యందురు. అట్లు పెరిగినవారిని ఇరువదియేండ్లకు పరిశీలింపగా వారిలో దుడుకుతనము తక్కువగను, బడికి హాజరు మెరుగుగను ఉన్నట్లు 2017లో తెలియవచ్చెను. భారతదేశముతోబాటు ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా దేశముల ఆసుపత్రులలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి ఆరంభించి చూడగా, మొదటి 28 దినములలో మరణములు నూటికి 15.7 నుండి 12కు తగ్గినట్లు 2021లో ప్రకటించిరి. తల్లికి వీలుకానప్పుడు తండ్రియో, అమ్మమ్మయో, నాయనమ్మయో ఆ పని చేయవచ్చును. కుంతీదేవి ఆరు నెలల పరీక్షిత్తును ఒడిలోనికి తీసికొన్న సన్నివేశమును ఇచ్చట స్మరింపదగును.

ప్రయత్నమునకు జ్ఞానము తోడు కావలెను. 1940వ దశకమున నెలలు నిండని శిశువులకు మేలుచేయు తలంపుతో ప్రాణవాయువును అపరిమితముగా ఇచ్చిరి. దానివలన కంటి లోపలి పొర చెడి, 1953 నాటికి లోకమున సుమారు పదివేలమంది పిల్లలు అంధులైరి. పిమ్మట దానిని మితిమీరి తగ్గింపగా కొందరు ప్రాణములే కోల్పోయిరి. నేడు దానిని కొలిచి ఇచ్చుచున్నారు. దయ ఒక్కటియే చాలదు. దయకు కొలత తెలియవలెను.

ఏ తూకముతో తూచవలెను?

మూడవ మాట అన్నింటికంటె కఠినమైనది. "వైకల్యముతో బ్రదికి ఆ బిడ్డ ఏమి సుఖపడును? పోనిచ్చుటయే దయ కాదా?" అని కొందరు మంచిమనస్సుతోనే ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. కాని ఆ సుఖమును తూచువాడెవ్వడు అను ప్రశ్నను దానికి ముందు వేసికొనవలెను.

కెనడా దేశమున మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు వైద్యురాలు, భారతీయ సంతతికి చెందిన డాక్టరు సరోజ్ సైగల్ ఈ పనినే చేసెను. 1977 మొదలు 1982 వరకు ఒక కిలోకు తక్కువ బరువుతో పుట్టినవారు కౌమారమునకు వచ్చిన పిమ్మట, తమ జీవితము తమకెట్లున్నదో వారినే అడిగెను. నిండు బరువుతో పుట్టిన తోటివారిని కూడ అట్లే అడిగెను. 1996లో ప్రకటించిన ఆ ఫలితము ననుసరించి, తమ జీవితమునకు మిక్కిలి ఎక్కువ విలువ నిచ్చుకొన్నవారు తోటివారిలో నూటికి 73 మంది కాగా, వీరిలో 71 మంది. మొత్తముమీద వీరి సగటు కొంత తక్కువ. కష్టములును వీరికి ఎక్కువ. అయినను అత్యధికులు తమ బ్రదుకును మంచిబ్రదుకనియే చెప్పిరి. 1999లో వెలువడిన మరియొక పరిశీలనలో, తీవ్రవైకల్యముతో కూడిన జీవితమునకు వైద్యులును నర్సులును ఇచ్చిన విలువకంటె తల్లిదండ్రులును ఆ పిల్లలును ఇచ్చిన విలువ అధికమని తేలెను. తన మాట తాను చెప్పలేనంతటి వైకల్యము గలవారి హృదయమును ఈ లెక్కలు పూర్తిగా తెలుపలేవు. కాని బయటివాని తూకమును, లోపలివాని తూకమును ఒకటి కాదని మాత్రము స్పష్టము.

అరుణుని కథ ఇక్కడనే పూర్తియగుచున్నది. తొడలు లేని ఆ శిశువు నిరుపయోగి కాలేదు. సూర్యరథమునకు సారథియయ్యెను. దేవాలయములలో సూర్యప్రభ వాహనమును సేవించువారు ఆ సారథిని చూచియే యుందురు. గరుత్మంతునకు అతడు అన్న. నిలువజాలనివానికి కూర్చుండి చేయు పని లభించెను. ఆ పని లేనిదే లోకమునకు తెల్లవారదు. ప్రతి బిడ్డయు సారథి కావలెనని దీనికి అర్థము కాదు. ఏ పనియు చేయలేని బిడ్డ కూడ బిడ్డయే. పనికివచ్చుటను బట్టి ప్రేమించుట వ్యాపారము. బిడ్డ యనుటచేతనే ప్రేమించుట వాత్సల్యము. భగవంతునకు భక్తులయెడ గల గుణములలో వాత్సల్యమును ఆచార్యులు ప్రధానముగా కీర్తించిరి. భక్తుని దోషమును చూచి విడువని ఆ స్వామిని సేవించువారు, దోషమేమియు చేయని శిశువును లోపము చూచి విడుచుట పొసగునా?

అంకెలకు ఒక ప్రయోజనమున్నది. వందమందిలో ఇందరికి ముప్పు అని తెలిసినచో, వైద్యులు, గృహస్థులు, ప్రభుత్వము ముందుగా మేల్కొందురు. కాని ఆ నూరుగురిలో తమ బిడ్డ ఎవ్వరో అంకె చెప్పదు. అది జాగ్రత్తకొరకు వేసిన లెక్క. బిడ్డ నొసట వ్రాసిన వ్రాత కాదు.

చికిత్సకు హద్దులేదని చెప్పుటయు సరికాదు. 22, 23 వారములలో పుట్టినవారు బ్రదుకుట ఆసుపత్రిని బట్టి, దేశమును బట్టి మారుచున్నది. అన్ని యంత్రములను తగిలించుటయే ధర్మము కాదు. బాధను పొడిగించుట తప్ప ఫలము లేదని తెలిసినచోట తల్లిదండ్రులును వైద్యులును కూడబలుకుకొని నిర్ణయించుకొనవలెను. అప్పుడు సహితము బిడ్డకు నొప్పి తెలియకుండ చూచుట, తల్లి ఒడిలో ఉంచుట, పేరుపెట్టి పిలుచుట, భగవన్నామము వినిపించుట మిగిలియున్న ధర్మములు. అట్టి నిర్ణయము బిడ్డ స్థితినిబట్టి జరుగవలెను. ఆడపిల్ల యనియో, నలుగురు నవ్వుదురనియో చికిత్స మాన్పించి ఇంటికి కొనిపోవుట మాత్రము మహాపాపము.

ఇంటికి వచ్చిన పిమ్మట

ఆసుపత్రినుండి బిడ్డ ఇంటికి వచ్చినంతనే గండము గడచినదని తలచి, మరల వైద్యునివద్దకు పోనివారు పెక్కుమంది. అసలు కర్తవ్యము అప్పుడే ఆరంభమగుచున్నది. భారతదేశమున 34 వారముల లోపల గాని, 2 కిలోలకు తక్కువ బరువుతో గాని పుట్టిన శిశువునకు 30 దినములలోపల కంటి లోపలి పొరను పరీక్షింపజేయవలెనని నియమము. మరింత చిన్నవారికి రెండు మూడు వారములకే. ఆ పొరకు వచ్చు చేటును సకాలమున గుర్తించినచో లేసరు చికిత్సతో చూపును చాలవరకు నిలుపవచ్చును. ఆలస్యమైనచో ఆ బిడ్డకు జీవితాంతము చీకటియే. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 1990వ దశకపు చివరినుండి ఈ పరీక్షలను విస్తరింపజేయుచున్నారు. వినికిడి పరీక్షయు అట్లే అవసరము.

ఎదుగుదలను లెక్కించునప్పుడు పుట్టిన తేదీనుండి కాక, పుట్టవలసిన తేదీనుండి లెక్కింపవలెను. రెండు నెలలు ముందుగా పుట్టి, ఎనిమిదవ నెలలో కూర్చుండిన బిడ్డ ఆరవ నెలలో కూర్చుండినట్లే. రెండేండ్ల వరకు ఈ లెక్క పాటింతురు. దీనిని తెలియక పొరుగింటి బిడ్డతో పోల్చి తల్లిని బాధించుట తగదు. అన్నప్రాశన ముహూర్తమును పురోహితుని అడుగుదురు గాక. అన్నము తినిపించుట ఎప్పుడన్నది వైద్యుని అడుగవలెను. బారసాలకు ఊరందరిని పిలిచి బిడ్డను చేతులు మార్చుటకంటె, నలుగురితో నామకరణము జరిపి, బలము వచ్చిన పిమ్మట వేడుక చేసికొనుట మేలు. జాతకర్మలో తేనె నాకించు ఆచారము కలదు. ఏడాది నిండని శిశువునకు తేనె అపాయకరమని వైద్యులు హెచ్చరించుచున్నారు గనుక దానిని సంకల్పమున నిలిపి, నాలుకకు తగిలింపకుండుట యుక్తము.

"ఏడవ నెల బిడ్డ బ్రదుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రదుకదు" అను మాట పల్లెలలో ఇంకను వినబడుచున్నది. ఎనిమిదవ నెలలో ఓజస్సు నిలుకడగా నుండదని సుశ్రుతాది ప్రాచీన వైద్యులు తలచిరి. నేటి అనుభవమున గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే. ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డకంటె ఆశ ఎక్కువ. ఈ మాటను నమ్మి బిడ్డకు చికిత్స మానుకొనరాదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా కేంద్రములలో శిశువుల ఎదుగుదలను పరీక్షించి, వ్యాయామము, మాట, చదువు నేర్పు కేంద్రములు ఏర్పడినవి. మొదటి రెండు మూడేండ్లలో మెదడు కొత్తదారులు వేసికొను శక్తి కలిగియుండును. ఆ కాలమున నేర్పిన ఆటయు, పాటయు, మాటయు వృథా పోవు. బడికి పోవు వయస్సున లెక్కలు రాకున్నను, చోట కుదురుగా కూర్చుండకున్నను "మొద్దు" అని కొట్టక, ఆ బిడ్డ ఎన్ని వారములకు పుట్టెనో ఉపాధ్యాయునకు చెప్పవలెను. ఇవి అన్నియు ఒక్క తల్లి మోయగల బరువులు కావు. తండ్రి, తాత, మేనమామ, ఇరుగుపొరుగువారు, దేవాలయమునకు కూడివచ్చు భక్తబృందము తలకొక చేయి వేయవలెను. ఆసుపత్రికి తోడుపోవుటయు, ఆ తల్లికి ఒకపూట వంటచేసి పెట్టుటయు భగవత్కైంకర్యమునకు తీసిపోవు.

పరీక్షిన్మహారాజు అరువదియేండ్లు రాజ్యమేలెనని భారతము చెప్పుచున్నది. ఆయన దోషరహితుడు కాడు. శమీకమహర్షి మెడలో చచ్చిన పామును వేసి శాపము తెచ్చుకొన్నవాడు. ఏడు దినములే మిగిలినవని తెలిసినప్పుడు గంగాతీరమున కూర్చుండి శుకమహర్షిని ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు సమాధానముగా భాగవతము ప్రవహించెను. ఆరు నెలలకు పుట్టిన ఆ బిడ్డను, ఇది బ్రదికి ఏమి ప్రయోజనమని ఆనాడు ఎవ్వరైనను ఒడినుండి దింపియుండినచో, లోకమునకు ఆ ప్రశ్నయు లేదు, ఆ సమాధానమును లేదు. ఏ బిడ్డ ఏమి అడుగుటకు వచ్చినదో ఎవ్వరికిని తెలియదు. ఒడిపట్టుట పెద్దల వంతు. మిగిలినది శ్రీహరి చూచుకొనును.